ఒక కాయిల్, ఒక అనుమానం

మా మద్రసాకు ఒకప్పుడు ఒక అంబాసిడర్ కారు ఉండేది. 1984 నాటి పెట్రోలు బండి. కర్నూలులో వ్యాపారం చేసుకొనే ఒక పెద్దమనిషి దానిని ఇరవై ఏళ్ళకు పైగా జాగ్రత్తగా వాడుకొన్నారు. ఆయన మరణానంతరం కుమారులు దానిని మద్రసాకు అప్పగించారు. నందికొట్కూరు దగ్గర మా మద్రసా ఉన్న ఊరికి ఆ రోజుల్లో బస్సులు తక్కువ. పిల్లలకు జబ్బు చేస్తే కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాలన్నా, నెలకు సరిపడా బియ్యం, పప్పులు తెచ్చుకోవాలన్నా, రైలు దిగే అతిథులను తీసుకురావాలన్నా ఆ కారే మాకు దిక్కు.

కారుతోపాటు దానిని ఏళ్ళ తరబడి నడిపిన డ్రైవరు కూడా మా దగ్గరికి వచ్చారు. ఆయనకు అప్పటికే అరవై దాటాయి. పిల్లలతోపాటు మేము కూడా ఆయనను చాచా అనే పిలిచేవాళ్ళము. మాటలు తక్కువ మనిషి. ఉదయం ఫజ్ర్ నమాజ్ ముగియగానే బానెట్ ఎత్తి నూనె, నీళ్ళు చూసి, ఒక పాత గుడ్డతో అద్దాలు తుడిచి పక్కన నిలబడేవారు. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్ని లీటర్ల పెట్రోలు పోయించింది ఒక నోటు పుస్తకంలో వ్రాయించేవారు.

ఆ కారు డాష్‌బోర్డు మీద ఒక చిన్న ఫ్యాను బిగించి ఉండేది. ఇగ్నిషన్ తాళం తిప్పితేనే అది తిరిగేది. కర్నూలు బజారులో చాచా సామాను వేయించుకొని వచ్చేదాకా మేము ముందు సీటులో కూర్చొని, ఉక్క భరించలేక, తాళం తిప్పి ఫ్యాను పెట్టుకొనేవాళ్ళము. ఒక్కొక్కసారి అరగంట, ఒక్కొక్కసారి గంట. చాచా తిరిగి రాగానే ముందుగా చేయి చాచి తాళం ఆపేవారు. “ఇంజను ఆగి ఉన్నప్పుడు తాళం ఆన్‌లో ఉంచకండి హజ్రత్, పాడవుతుంది” అనేవారు. ఏమిటి పాడవుతుందని మేము ఒక్కసారి కూడా అడగలేదు. బ్యాటరీ గురించి అంటున్నారనుకొన్నాము. ఇంత చిన్న ఫ్యానుకు ఇంత పిసినారితనమా అని లోలోపల కొంచెం విసుక్కొన్నాము కూడా.

2008వ సంవత్సరం ఎండలు ముదిరే వేళకు కారు మొరాయించసాగింది. పది, పదిహేను కిలోమీటర్లు చక్కగా నడిచేది. ఆ తరువాత రెండు మూడుసార్లు కుదుపు ఇచ్చి దారి మధ్యలో ఆగిపోయేది. ఎంత సెల్ఫ్ కొట్టినా ఇంజను అందుకొనేది కాదు. అరగంట చెట్టు నీడలో ఉంచితే ఏమీ ఎరగనట్లు మళ్ళీ నడిచేది. “వేడెక్కింది హజ్రత్, కాసేపు ఆగితే పోతుంది” అనేవారు చాచా.

మరుసటి ఉదయం మేస్త్రీ దగ్గరికి పంపేవాళ్ళము. ఒకరు కార్బురేటర్ విప్పి శుభ్రం చేశారు. మరొకరు పెట్రోలు లాగే పంపులో రబ్బరు పొర మార్చారు. ఇంకొకరు నాలుగు ప్లగ్గులు, కాంటాక్ట్ పాయింట్లు, కండెన్సర్ కొత్తవి వేశారు. ప్రతిసారీ బండి షెడ్డు నుంచి బాణంలా బయటికి వచ్చేది. ప్రతిసారీ నాలుగు రోజుల్లో ఎండలో మళ్ళీ ఆగేది. రెండు నెలల్లో ఐదువేల రూపాయలకు పైగా ఖర్చయింది. చందాలతో నడిచే సంస్థకు అది చిన్న మొత్తం కాదు.

అప్పుడే నోటు పుస్తకం మా చేతికి వచ్చింది. అంతకుముందు లీటరుకు పది కిలోమీటర్లు ఇచ్చిన కారు ఇప్పుడు ఎనిమిది కూడా ఇవ్వడం లేదు. మిగిలిన పెట్రోలు ఏమైనట్లు? కమిటీలో ఒకరు ఆ ప్రశ్న వేశారు. మరొకరు పెట్రోలులో కిరోసిన్ కలిపితే బండి ఇలాగే ఆగుతుందన్నారు. మూడో ఆయన, దారిలో అరగంట ఆగడం డ్రైవరు విశ్రాంతికేమో అన్నారు. ఎవరూ చూసినది లేదు. అయినా మూడు మాటలు కలిసేసరికి ఒక నేరం తయారయింది. అందుకు అంకెలు కూడా తోడయ్యాయి.

మేము చాచాను పిలిపించాము. కమిటీవారు నలుగురూ ఉన్నారు. పుస్తకం ముందు పెట్టి, “ఈ లెక్క మీకు తెలుసా చాచా?” అని అడిగాము. ఆయన పుస్తకం వైపు చూడలేదు, మా ముఖం వైపు చూశారు. “బండిలో ఏదో లోపం ఉంది హజ్రత్. నాకు అంతుపట్టడం లేదు” అన్నారు. “బండిలోనా?” అన్నాము మేము. ఆ ఒక్క మాటతో చెప్పదలచుకొన్నది చెప్పేశాము. రేపటినుంచి రానవసరం లేదని కమిటీవారు అన్నారు. ఆయన తాళం చెవులు బల్ల మీద పెట్టి సలాం చెప్పి వెళ్ళిపోయారు. ఆ నెలలో ఆయన పనిచేసిన పదకొండు రోజుల జీతం కూడా అడగలేదు.

కొత్త డ్రైవరును పెట్టుకొన్నాము. మే నెల రెండో వారంలో పన్నెండేళ్ళ విద్యార్థి ఒకడికి మూడు రోజులుగా జ్వరం దిగలేదు. మధ్యాహ్నం అతనిని వెనుక సీటులో పడుకోబెట్టి, ఒక ఉపాధ్యాయుని తోడు తీసుకొని కర్నూలు బయలుదేరాము. ఆ ఉదయం బంకులో మేమే దగ్గర నిలబడి పెట్రోలు పోయించాము. గార్గేయపురం ఇంకా రాకముందే కారు రెండు కుదుపులు ఇచ్చి ఆగింది. చుట్టూ ఎండిన చేలు. నీడ లేదు. పిల్లవాడు పెదవులు తడుపుకొంటూ నీళ్ళు అడిగాడు. కొత్త డ్రైవరు బానెట్ ఎత్తి చూసి, “వేడెక్కింది సార్, కాసేపు ఆగితే పోతుంది” అన్నాడు.

అక్షరం మారలేదు. అవే మాటలు. పెట్రోలు మేము పోయించినదే. డ్రైవరు వేరు. లోపం మాత్రం అదే. ఆ ఎండలో మా ఒళ్ళు చల్లబడింది.

అదృష్టవశాత్తూ ఒక ఆర్టీసీ బస్సు ఆగింది. పిల్లవాణ్ణి ఉపాధ్యాయునితో అందులో పంపి మేము కారు దగ్గర ఉండిపోయాము. అది టైఫాయిడ్ అని తేలింది. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉండి, అల్లాహ్ దయవల్ల కోలుకొన్నాడు. కాని ఆ అరగంట రోడ్డు పక్కన నిలబడి మేము ఆలోచించినది పిల్లవాని గురించి మాత్రమే కాదు.

మా పూర్వ విద్యార్థి ఒకరి అన్న కర్నూలులో ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తాడు. ఆయనను పిలిపించాము. వచ్చినవాడు వెంటనే పనిముట్లు తీయలేదు. ముందు ప్రశ్నలు అడిగాడు. ఎప్పుడు ఆగుతుంది? ఎంతసేపటికి మళ్ళీ నడుస్తుంది? మేస్త్రీల దగ్గరికి ఏ వేళకు తీసుకువెళ్ళారు? మరుసటి ఉదయం అని చెప్పాము. “జ్వరం దిగిన తరువాత రోగిని చూపించారన్నమాట హజ్రత్” అని నవ్వాడు. తరువాత మీటరు తీసి, చల్లగా ఉన్న ఇగ్నిషన్ కాయిల్‌ను కొలిచాడు. లోపలి మొదటి చుట్టకు సుమారు 3 ఓములు, రెండో చుట్టకు సుమారు 7,000 ఓములు చూపింది. “రెండూ సరిగానే ఉన్నాయి. ఈ అంకెలు గుర్తుంచుకోండి. ఇప్పుడు బండి ఆగిపోయేదాకా నడుపుదాం” అన్నాడు.

మండే ఎండలో పన్నెండు కిలోమీటర్లు వెళ్ళాక బండి ఆగింది. అతడు వెంటనే దిగి, ఒక్కొక్క ప్రశ్నకు బండితోనే సమాధానం చెప్పించాడు. పెట్రోలు అందుతోందా? కార్బురేటర్‌కు వచ్చే గొట్టం ఊడదీసి, పంపుకు ఉన్న చిన్న మీటను చేతితో ఆడిస్తే, కింద పెట్టిన సీసాలోకి పెట్రోలు ధారగా వచ్చింది. గొట్టం తిరిగి బిగించి, సీసా దూరంగా పెట్టించి, ఒలికిన చుక్కలు పూర్తిగా ఆరిన తరువాతే కరెంటు జోలికి వెళ్ళాడు. కాయిల్ వరకు కరెంటు వస్తోందా? టెస్ట్ బల్బు వెలిగింది. పాయింట్లు పనిచేస్తున్నాయా? కాయిల్ రెండో కొనకు బల్బు పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే, బల్బు వెలుగుతూ ఆరుతూ మిణుకుమన్నది. అంటే పాయింట్లు మూసుకొంటున్నాయి, తెరచుకొంటున్నాయి. కాయిల్ నుంచి నిప్పురవ్వ బయటికి వస్తోందా? డిస్ట్రిబ్యూటర్ మధ్య నుంచి లావుపాటి వైరు లాగి, పొడి కర్రతో పట్టి, ఇంజను ఇనుముకు అర సెంటీమీటరు దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టించాడు. నీలంగా, టప్పుమని దూకవలసిన రవ్వ రాలేదు. సందేహం మిగలకుండా తన పెట్టెలోని కండెన్సర్ వేసి చూశాడు. అప్పుడూ రాలేదు.

మళ్ళీ మీటరు పెట్టాడు. ఉదయం 7,000 చూపిన చోట ఇప్పుడు మీటరు ఏమీ చూపలేదు. లోపలి సన్నని తీగ తెగినట్లే. కాయిల్ మీద తడిగుడ్డ వేసి పావుగంట ఆగాడు. తీగ మళ్ళీ కలిసింది, మీటరులో అంకె వచ్చింది, రవ్వ దూకింది. వేడికి తీగ సాగినప్పుడు చీలిక విడిపోతోంది, చల్లబడితే అంటుకొంటోంది. పూర్తిగా ఆగకముందు కూడా రవ్వ బలహీనపడి, సిలిండరులోకి పోయిన పెట్రోలులో కొంత మండకుండానే పొగ గొట్టం నుంచి బయటికి పోతోంది. పెట్రోలు ఖర్చు పెరిగినది అందువల్లనే. నోటు పుస్తకంలోని అంకెలు అబద్ధం కావు. వాటికి మేము చెప్పుకొన్న అర్థం అబద్ధం.

మాకు ఆసక్తి కలిగి ఈ డబ్బా చేసే పని ఏమిటని అడిగాము. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ప్లగ్గు కొనల మధ్య సందును దూకాలంటే వేల వోల్టులు కావాలి. కాయిల్‌లో ఇనుప కడ్డీ చుట్టూ లావు తీగ కొన్ని వందల చుట్లు, సన్నని తీగ దానికి ఎన్నో రెట్ల చుట్లు ఉంటాయి. పాయింట్లు మూసుకొన్నప్పుడు లావు తీగలో కరెంటు పారి అయస్కాంత శక్తి నిలుస్తుంది. పాయింట్లు తెరచుకొనగానే అది ఒక్కసారిగా కూలి, సన్నని తీగలో వేల వోల్టులు పుట్టిస్తుంది. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే, నాలుగు సిలిండర్లకు కలిపి ఆ ఒక్క కాయిల్ సెకనుకు 100 రవ్వలు అందించాలి.

అప్పుడు అతడు మామూలుగా ఒక ప్రశ్న అడిగాడు. “ఇంజను ఆపి తాళం ఆన్‌లో ఉంచే అలవాటు ఎవరికైనా ఉందా హజ్రత్?”

మేము మాట్లాడలేదు. అతడు తన ధోరణిలో చెప్పుకొనిపోయాడు. ఇంజను నడుస్తున్నప్పుడు కాయిల్‌కు కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. ఇంజను ఆగిన చోట పాయింట్లు మూసుకొని ఉంటే, తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ కరెంటు విరామం లేకుండా పారుతుంది. 12 వోల్టులకు 3 ఓములంటే 4 ఆంపియర్లు, దాదాపు 50 వాట్ల వేడి. ఆ చిన్న డబ్బాలో ఒక బల్బు గంటసేపు వెలిగించి ఉంచినట్లే. ఒకసారికి ఏమీ కాదు. ఏళ్ళ తరబడి చేస్తే లోపలి పూత మాడుతుంది, తీగ బలహీనపడుతుంది. “ఈ కాయిల్‌ను అలాగే ఎవరో కాల్చారు” అన్నాడు. డాష్‌బోర్డు మీద ఆ చిన్న ఫ్యాను మా ముఖానికి ఎదురుగానే ఉన్నది.

కాయిల్ మార్చడానికి ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. ముందు బ్యాటరీ వైరు తీశాడు. కాయిల్‌కు ఉన్న వైర్లలో ఏది తాళం నుంచి వచ్చినదో, ఏది డిస్ట్రిబ్యూటర్‌కు పోయేదో దారం కట్టి గుర్తు పెట్టుకొన్నాడు. క్లాంపు విప్పి పాతది తీసి, కొత్తది అదే చోట బిగించాడు. బండి నెగటివ్ ఎర్త్ కనుక తాళం వైరు ప్లస్ కొనకు, డిస్ట్రిబ్యూటర్ వైరు మైనస్ కొనకు తగిలించాడు. మధ్య వైరును చివరిదాకా నొక్కి, రబ్బరు టోపీ సరిచేశాడు. కొత్త కాయిల్‌ను బిగించే ముందే కొలిచి, పాతదానిలాగే 3 ఓములు ఉన్నదో లేదో చూశాడు. కొన్ని బండ్లకు విడిగా రెసిస్టర్ ఉంటుంది, వాటి కాయిల్ ఒకటిన్నర ఓములే. దానిని తెచ్చి ఇలాంటి బండికి వేస్తే కరెంటు రెట్టింపు పారి పాయింట్లు, కాయిల్ రెండూ కాలిపోతాయని చెప్పాడు. కాయిల్ ధర 450 రూపాయలు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆరోపించినవాడే సాక్ష్యం తీసుకురావాలని పిల్లలకు ఏటా ఫిఖ్‌హ్ పాఠంలో చెబుతాము. ఒక విద్యార్థి పాఠం తప్పితే ఎక్కడ తప్పాడో తెలుసుకోకుండా దండించవద్దని కొత్త ఉపాధ్యాయులకు బోధిస్తాము. ఒక ఇనుప డబ్బాను దోషి అనడానికి ముందు ఆ యువకుడు ఐదు పరీక్షలు చేశాడు. మేము ఒక మనిషిని దోషి అనడానికి ముందు ఒక్కటి కూడా చేయలేదు.

మరునాడు అస్ర్ నమాజ్ తరువాత పాత కాయిల్ ఒక గుడ్డలో చుట్టుకొని చాచా ఇంటికి వెళ్ళాము. ఆయన మా మసీదుకు రావడం మానేసి నెల దాటిందని, ఊరి చివరి మసీదుకు నడిచి వెళ్తున్నారని ఆ దారిలోనే తెలిసింది. మా మసీదులో సఫ్‌లో నిలబడితే పక్కవారు తనను చూసే చూపు మారిందట. మమ్మల్ని చూసి లేచి మంచం వాల్చారు. చాచీ నీళ్ళు తెచ్చి పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. మేము కాయిల్ ఆయన చేతిలో పెట్టి జరిగినదంతా చెప్పాము. ఫ్యాను సంగతి కూడా దాచలేదు.

ఆయన దానిని అటూ ఇటూ తిప్పి చూశారు. “నేను తాళం తీయమన్నది దీనికోసమే. పాత సేట్ చెప్పేవారు, కాయిల్ కాలుతుందని. కాలితే బండి అసలు కదలదనుకొన్నాను. ఇలా ఆడుతూ ఆగుతూ ఉంటుందని నాకూ తోచలేదు హజ్రత్” అన్నారు. మమ్మల్ని క్షమించమని అడిగాము. చాలాసేపు నేల వైపు చూసి, “నేను క్షమించాను. కాని మీరు నన్ను అడిగినది నలుగురి ముందు” అని ఆగిపోయారు. మిగతాది చెప్పలేదు, చెప్పనవసరం లేకపోయింది.

తరువాతి శుక్రవారం జుమా నమాజ్ ముగిశాక మేము లేచి నిలబడి, కారు లోపం ఏమిటో, అది ఎవరి అలవాటు వల్ల వచ్చిందో, మేము ఎవరిమీద నింద వేశామో పేరు పెట్టి చెప్పాము. గొంతు వణికింది. కమిటీవారిలో ఇద్దరు తల వంచుకొన్నారు, ఒకరికి ఇది అవసరమా అని కోపం వచ్చింది. ఆ రోజు చాచా అక్కడ లేరు. ఎవరో వెళ్ళి చెప్పారు. సాయంత్రం మగ్రిబ్‌కు వచ్చి, ఎప్పుడూ నిలబడే చోటనే నిలబడ్డారు.

ఉద్యోగంలోకి తిరిగి రమ్మన్నాము, రాలేదు. అప్పటికే ఒక ధాన్యం మిల్లులో కాపలా పనికి కుదిరారు. మేము ఇవ్వబోయిన రెండు నెలల జీతం కూడా పుచ్చుకోలేదు. పదకొండు రోజుల డబ్బు మాత్రం లెక్కపెట్టి తీసుకొన్నారు, అది తన కష్టార్జితమని.

పాత పెట్రోలు బండ్లు ఇంకా వాడే పాఠకులు ఉంటే రెండు మాటలు. వేడిలో ఆగి చల్లబడితే నడిచే బండిని చల్లగా ఉన్నప్పుడు కాక, ఆగిపోయిన ఆ క్షణంలోనే పరీక్ష చేయించండి. ఒక్కొక్క భాగం మార్చుకొంటూ పోకండి, ఒక్కొక్క ప్రశ్న అడుగుతూ పోండి. ఇంజను ఆగినప్పుడు తాళం ఆపండి.

కొత్త డ్రైవరు వద్ద చాచా ఒకరోజు కొద్దిసేపు కూర్చొని వెళ్ళారని ఆ తరువాత తెలిసింది. మేము బయటికి వచ్చి చూసేసరికి డాష్‌బోర్డు మీది ఫ్యాను వైరు తాళం నుంచి తీసివేసి, వేరే స్విచ్ పెట్టి నేరుగా బ్యాటరీకి కలిపి ఉన్నది.